చాంబరు విప్పే ముందు

అచ్యుతాపురం

చిరంజీవి మేనల్లుడికి,

అమ్మమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది, నిన్ను అడుగుతోంది. కూర్మన్నపాలెంలో షెడ్డు తెరిచాక నీ దగ్గరికి మొదటి ఆటోమేటిక్ బండి వచ్చిందని, గేరు బాక్సు ఫిల్టరూ ఆయిలూ మార్చమన్నారని, ఎలా చేయాలో చెప్పమని ఫోన్లో అడిగావు. ఇలాంటివి ఫోన్లో చెబితే సగం గాలికి పోతాయి. కాగితం మీద ఉంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి చూసుకుంటావు. కొంచెం పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదువు.

బోల్టులు విప్పడం, బిగించడం నీకు నేను నేర్పక్కర్లేదు. ఐటీఐలోనూ నా షెడ్డులోనూ నీ చెయ్యి బాగానే తిరిగింది. ఈ పనిలో అసలు కష్టమంతా పానా పట్టకముందే ఉంది. అది ఏ రకం బాక్సు, ఏ ఆయిలు తాగుతుంది, ఇప్పుడు మార్చవచ్చా మార్చకూడదా, మార్చితే ఏమవుతుంది అన్నవి తేల్చుకుని ఆ మాట ఓనరుకి ముందే చెప్పాలి. అవి తేలితే మిగిలేది శుభ్రంగా చేసుకునే ఒక పూట పని. అవి తేలకుండా బాక్సు కింది ఆయిలు చాంబరు దించితే ఎంత మంచి పనివాడైనా ఇరుక్కుంటాడు.

ముందు రకం సంగతి. క్లచ్ పెడల్ లేకపోతే ఓనరుకి అది ఆటోమేటిక్కే. మనకి అలా కుదరదు. 2014 ఫిబ్రవరిలో మారుతి సెలెరియో వచ్చింది, గుర్తుంది కదా. అప్పట్నుంచి మన దేశంలో తక్కువ ధర ఆటోమేటిక్‌లు వరస కట్టాయి. వాటిలో ఎక్కువ భాగం ఏఎంటీలు. లోపల ఉండేది మామూలు గేరు బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మనిషి బదులు యాక్చువేటర్ చేస్తుంది, అంతే తేడా. క్విడ్, టియాగో, పంచ్, ఇగ్నిస్‌లలో క్లచ్ లేని మోడళ్లు ఈ కోవలోవే. వీటికి ఆటోమేటిక్ బాక్సుల ఎర్ర ఆయిలు, అంటే ఏటీఎఫ్, ఉండదు, చాంబరు విప్పి మార్చే ఫిల్టరూ ఉండదు. గేరు ఆయిలు ఉంటుంది, మాన్యువల్ బండికి మార్చినట్టే మార్చాలి. యాక్చువేటర్ హైడ్రాలిక్ రకమైతే దాని ఆయిలు వేరే, దాని లెవెలు వేరే. ఏఎంటీ బండికి ‘ట్రాన్స్‌మిషన్ ఫిల్టరు’ అని డబ్బు వసూలు చేసిన బిల్లు ఒకటి నా కళ్లతో చూశాను. లేని ఫిల్టరుకి డబ్బు తీసుకున్నారు. నీ షెడ్డు పేరు మీద అలాంటి కాగితం ఎప్పుడూ బయటికి వెళ్లకూడదు.

గుర్తుపట్టే సులువు చెబుతాను. లివరు దగ్గర పార్కింగు గుర్తు, ‘పీ’ అక్షరం ఉందో లేదో చూడు. మన చిన్న కార్ల ఏఎంటీల్లో మామూలుగా అది ఉండదు. రివర్సు, న్యూట్రల్, డ్రైవు, పక్కన మాన్యువల్ గుర్తు ఉంటాయి. ‘పీ’ ఉంటే అది సీవీటీ కావచ్చు, రెండు క్లచ్‌లది కావచ్చు, టార్క్ కన్వర్టర్‌ది కావచ్చు. అక్కడితో ఆగకుండా ఓనరు మాన్యువల్ తెరిచి, ఆయిళ్ల పట్టికలో ట్రాన్స్‌మిషన్ పేరు చదువు. మాన్యువల్ పోయిందంటే కంపెనీ సైటులో దొరుకుతుంది. ఆ పేజీ చూడకుండా ఏ బండీ ర్యాంపు ఎక్కించకు.

సీవీటీ అంటే జాజ్, మైక్రా, మాగ్నైట్ టర్బో, 2022కి ముందు బలేనో, అలాంటి బళ్ల ఆటోమేటిక్ మోడళ్లు. వాటిలో గేర్లు మెట్లు మెట్లుగా ఉండవు. రెండు పుల్లీల మధ్య స్టీలు బెల్టు తిరుగుతుంది. ఆ బెల్టు పుల్లీని పట్టుకునేది ఆయిలు ఇచ్చే పట్టుతోనే. దాంట్లో మామూలు ఏటీఎఫ్ పోస్తే బెల్టు జారి పుల్లీ ముఖం మీద గీతలు పడతాయి, ఆ తర్వాత బాక్సు మార్చడం తప్ప దారి ఉండదు. పోలో డీఎస్‌జీ లాంటి రెండు క్లచ్‌ల బాక్సులు వస్తే ఇప్పటికి నా దగ్గరికి పంపు. అందులో గేర్లకి ఒక ఆయిలు, మెకట్రానిక్ యూనిట్‌కి ఇంకో ఆయిలు. స్కానరూ సరైన పనిముట్లూ లేకుండా అది ముట్టుకునే పని కాదు.

నీ దగ్గరికి వచ్చింది ఐ10 కప్పా ఇంజను, నాలుగు గేర్ల టార్క్ కన్వర్టర్ బండి. ఇది నేర్చుకోవడానికి మంచి బండి. పాత ఐ20 ఆటోమేటిక్, ఏ-స్టార్, రిట్జ్, పాత డిజైర్ ఆటోమేటిక్ కూడా ఇదే జాతి. హోండా బ్రియో కూడా టార్క్ కన్వర్టర్‌దే గానీ దానికి కింద విప్పే చాంబరు ఉండదు. డ్రెయిన్ బోల్టుకి చతురస్రపు గుంట ఉంటుంది, మూడెనిమిదో వంతు అంగుళం ర్యాచెట్ నేరుగా అందులో కూర్చుంటుంది. ఆయిలు దించి, బోల్టు మీది అయస్కాంతం తుడిచి, మళ్లీ పోయడమే అక్కడి పని. బ్రియో వాళ్లు వచ్చి ఫిల్టరు కూడా మార్చండి అంటే ఈ సంగతి ఓపిగ్గా చెప్పు.

ఇప్పుడు ఆయిలు. ఇంజను ఆయిలుకి ప్రధానంగా అరుగుదల తగ్గించడం పని. ఆటోమేటిక్ బాక్సు ఆయిలుకి అంతకంటే పెద్ద బాధ్యతలు ఉన్నాయి. టార్క్ కన్వర్టర్‌లో ఇంజను బలాన్ని గేర్లకి అందించేది ఈ ఆయిలే. వాల్వ్ బాడీ దారుల్లోంచి ఒత్తిడితో వెళ్లి క్లచ్ ప్యాకుల్ని నొక్కేది ఇదే. గేర్లని తడిపేదీ, వేడిని రేడియేటర్ దగ్గరికి మోసుకెళ్లేదీ ఇదే. క్లచ్ ప్లేట్లు పట్టుకునేటప్పుడు ఎంత జారాలి, ఎప్పుడు గట్టిగా పట్టాలి అన్నది కూడా ఆయిల్లో కలిపిన మందుల మీద ఆధారపడి ఉంటుంది. అందుకే ఒక బాక్సు ఆయిలు ఇంకో బాక్సుకి పనికిరాదు.

దీని వెనక ఒక చరిత్ర ఉంది, నీకు ఆసక్తిగా ఉంటుందని చెబుతున్నాను. పెద్ద ఎత్తున అమ్ముడైన మొదటి ఆటోమేటిక్ బాక్సు అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ కార్లకి 1940 మోడలుతో వచ్చింది, పేరు హైడ్రామాటిక్. ఆ తర్వాత చాలా ఏళ్లు ఏటీఎఫ్‌లో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. క్లచ్‌లు మెత్తగా పట్టుకోవడానికి దాన్ని మించింది దొరకలేదు. 1970ల మొదట్లో ఆ తిమింగలాల్ని కాపాడే చట్టాలు వచ్చాక ఆ నూనె ఆగిపోయింది. బదులు కలిపిన రసాయనాలు మొదట్లో సరిగా కుదరక బాక్సులకి ఇబ్బందులు వచ్చాయి, మళ్లీ కొత్త ఫార్ములాలు తయారుచేశారు. పూడిమడక సముద్రంలో వేటకెళ్లే మనవాళ్లకి ఈ మాట చెబితే నమ్మరు. కారు గేరు బాక్సు కోసం తిమింగలాన్ని చంపేవారంటే ఆ పట్టు ఎంత ముఖ్యమో ఆలోచించు. డబ్బా మీద ఉన్న స్పెసిఫికేషన్ అక్షరాలు ఆ పట్టు సంగతి చెప్పేవే.

ఐ10కి ఎస్‌పీ-3. అదే కంపెనీ తర్వాతి ఆరు గేర్ల బాక్సులకి ఎస్‌పీ-4. అంకె పెద్దదైతే మంచిది అనుకుని ఎస్‌పీ-4ని ఐ10లో పోయకు. హోండా టార్క్ కన్వర్టర్‌కి డీడబ్ల్యూ-1, దాని సీవీటీలకి వేరే ఆయిలు. ‘అన్ని బళ్లకీ సరిపోతుంది’ అని రాసిన డబ్బా ఎంత చౌకగా ఇచ్చినా నీ షెడ్డులో పెట్టకు. డూప్లికేట్ డబ్బాలు కూడా తిరుగుతున్నాయి. కంపెనీ స్పేర్ల కౌంటర్లో బిల్లుతో కొను, సీలు చూడు, ఖాళీ డబ్బాల మూతలు పగలగొట్టి పారెయ్. మన ఖాళీ డబ్బానే రేపు ఎవరో నింపి మనకే అమ్మవచ్చు.

ఇక మార్చాలా వద్దా అన్న ప్రశ్న. కొన్ని మాన్యువళ్లలో మామూలు వాడకానికి ఈ ఆయిలు మార్చనక్కర్లేదు అని ఉంటుంది. ఓనర్లు ఆ ఒక్క వాక్యం పట్టుకుంటారు. దాని పక్కనే కఠిన వాడకానికి ఇంకో పట్టిక ఉంటుంది. ఎండ వేడిలో ట్రాఫిక్కులో ఆగుతూ కదులుతూ నడపడం, దుమ్ము, ఉప్పు గాలి, బరువులు లాగడం, ఇవన్నీ అందులో ఉంటాయి. మనవాళ్లు నడిపేది ఏ పట్టిక కిందికి వస్తుందో వేరే చెప్పాలా? సెజ్‌లో షిఫ్టు వదిలే వేళ అచ్యుతాపురం జంక్షన్‌లో నిలబడి చూడు. బ్రాండిక్స్ బట్టల ఫ్యాక్టరీ అమ్మాయిల బస్సులు, పరవాడ వైపు ట్యాంకర్లు, కంటైనర్ లారీలు, మధ్యలో ఆటోలు. అందులో ఇరుక్కున్న ఆటోమేటిక్ కారు డ్రైవులోనే బ్రేకు తొక్కి నిలబడి ఉంటుంది. అప్పుడు టార్క్ కన్వర్టర్‌లో ఇంజను వైపు చక్రం తిరుగుతూనే ఉంటుంది, గేర్ల వైపు చక్రం ఆగి ఉంటుంది. మధ్యలో ఉన్న ఆయిలు ఊరికే చిలకబడుతుంది, ఆ చిలుకుడంతా వేడి కిందే మారుతుంది. ఆయిలు వేడి సుమారు 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని ఈ రంగంలో అందరూ వాడే లెక్క. మన కోస్తా మే నెలకి ఆ లెక్క వేసి చూసుకో.

అందుకని నా మాట ఏమిటంటే మనవైపు తిరిగే టార్క్ కన్వర్టర్ బండికి 40 వేల నుంచి 50 వేల కిలోమీటర్ల మధ్య ఒకసారి మార్చడం మంచిది. బండి తక్కువ తిరిగినా నాలుగేళ్లకోసారి చూడాలి. ‘జీవితాంతం ఉండే ఆయిలు’ అన్న మాట నేను ఒప్పుకోను. ఆ జీవితం ఎవరిదో ముందు చెప్పాలి. స్టీలు ప్లాంటులో రిటైరై మోకాళ్లు అరిగి, క్లచ్ తొక్కలేక ఆటోమేటిక్ కొనుక్కున్న పెద్దాయన ఆ బండిని పదిహేనేళ్లు నడపాలనుకుంటాడు. ఉక్కునగరం, కూర్మన్నపాలెం వైపు నీకు వచ్చే పార్టీలు ఎక్కువగా అలాంటివాళ్లే. వాళ్ల లెక్క ప్రకారం మనం పని చేయాలి.

అయితే ప్రతి బండికీ మార్చెయ్యమని కాదు. ముందు ఓనర్ని పక్కన కూర్చోబెట్టుకుని నడిపి చూడు. చల్లగా ఉన్నప్పుడు ‘డీ’లో వేస్తే ఎంతసేపటికి అందుకుంటోంది, రివర్సుకి ఎంత ఆలస్యం, రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజను వట్టినే గింజుకుంటోందా, గట్టిగా తొక్కితే కింది గేరుకి వస్తోందా. ఇవన్నీ జాబ్ కార్డు మీద రాసి ఓనరు చేత సంతకం పెట్టించు. తర్వాత డిప్‌స్టిక్ తీసి రెండు చుక్కలు తెల్ల కాగితం మీద వెయ్యి. ఎర్రగా, ముదురు ఎరుపుగా పరుచుకుంటే భయం లేదు. గోధుమ రంగులోకి తిరిగితే మార్చే వేళ వచ్చింది. మధ్యలో నల్ల మచ్చ నిలిచిపోయి మాడు వాసన వస్తే క్లచ్ ప్లేట్ల లైనింగు కాలి ఆయిల్లో కలిసిందని అర్థం. అప్పటికే బండి జారుతూ ఉంటే కొత్త ఆయిలు దాన్ని బాగుచేయదు. ఆయిలు మార్చాకే బాక్సు పోయిందని జనం అంటారు చూడు, అవి ఎక్కువగా ఇలాంటి బళ్లే. ఆయిలు మార్చకపోయినా అవి పోయేవే. ఆ నింద మాత్రం మన మీద పడుతుంది. అందుకే విప్పకముందే చెప్పాలి, ఇది బాక్సు పని, ఆయిలుతో తీరదు అని. ఓనరుకి అర్థమయ్యాక ఆయనే నిర్ణయించుకుంటాడు.

ఇంకొకటి, ఆయిలు రోజ్ మిల్కులా కనబడితే వెంటనే ఆగు. నీళ్లు కలిశాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక నీట మునిగిన బళ్లలో ఆ రంగు చూశాం. బాక్సుకి పైన గాలి రంధ్రం ఉంటుంది, ఆ ఎత్తు దాకా నీళ్లు నిలిస్తే లోపలికి దారి దొరుకుతుంది. వాన లేకపోయినా రేడియేటర్ లోపల ఉన్న ఆయిల్ కూలర్ పగిలితే కూలెంట్ ఆయిల్లో కలిసి అదే రంగు వస్తుంది. క్లచ్ ప్లేట్ల మీది లైనింగు కాగితం జాతిది, జిగురుతో అంటించి ఉంటుంది. నీళ్లు తగిలితే ఊడిపోతుంది. ఆ బండి స్టార్టు చేయనివ్వకు, తోయించుకో. ముందు నీరు ఎక్కడినుంచి వచ్చిందో పట్టుకోవాలి.

నీ ఐ10 బాగానే నడుస్తోంది, ఆయిలు మాత్రం ఎప్పుడూ మార్చలేదు అన్నావు కాబట్టి పని చేయవచ్చు. ఎలాగంటే ఇలా.

ముందు రోజు సాయంత్రం బండి కింద కడిగించు. చాంబరు అంచున ఉన్న మట్టి, ఉప్పు పోవాలి. సముద్రం పక్కన తిరిగే బళ్లకి చాంబరు బోల్టులు తుప్పుతో పట్టేసి ఉంటాయి, నా షెడ్డుకి పూడిమడక వైపు నుంచి వచ్చేవన్నీ అలాంటివే. రస్టు ఆయిలు కొట్టి రాత్రంతా నాననివ్వు. మర్నాడు బండి కొంచెం తిప్పి ఆయిలు గోరువెచ్చగా ఉండగా మొదలుపెట్టు. బాగా తిరిగొచ్చిన బండి ఆయిలు 80, 90 డిగ్రీలు ఉంటుంది, చేతి మీద పడితే తోలు ఊడుతుంది. నాలుగు చక్రాలూ సమంగా ఉండాలి. జాకీ ఒక్కదాని మీద నమ్మకం పెట్టుకుని ఎప్పుడూ కిందికి దూరకు, స్టాండులు వేశాకే. ఈ మాట నీకు చిన్నప్పట్నుంచి చెబుతున్నాను, ఇంకా చెబుతూనే ఉంటాను.

డ్రెయిన్ బోల్టు తీసి వచ్చిన ఆయిలంతా కొలత జాడీలోకి పట్టు. తర్వాత చాంబరు బోల్టులు ఒక మూల నుంచి వదులు చేస్తూ రా. ఎదురు వైపు రెండు మూడు బోల్టులు పూర్తిగా తీయకు, చాంబరు ఒక పక్కకి వంగి మిగిలిన ఆయిలు నీ ట్రేలోకే దిగుతుంది. ఇంపాక్ట్ గన్ను వాడకు. చిన్న బోల్టులు, పైన ఉన్నది అల్యూమినియం. త్రెడ్డు పోతే ఒక పూట పని మూడు రోజులవుతుంది.

చాంబరు చేతిలోకి వచ్చాక కాసేపు ఆగి చూడు. ఈ పని మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన ఘట్టం ఇదే. అడుగున గుండ్రటి అయస్కాంతాలు ఉంటాయి. వాటి మీద బూడిద రంగులో మెత్తటి ముద్ద పేరుకుని ఉంటుంది. వేలితో తీసి బొటనవేలితో రుద్దు. నలిగి వేలికి వెండి రంగు అంటుకుని, గరుకు ఏమీ తగలకపోతే అది మామూలు అరుగుదల. ఇన్నేళ్లు తిరిగిన బండికి అది ఉండాల్సిందే. పలుకులు గుచ్చుకుంటే, పెళుసుగా విరిగిన ఉక్కు ముక్క కనబడితే గేరో బేరింగో మాట్లాడుతోందన్నమాట. పసుపు రంగు మెరుపులు కనబడితే బుష్షులు. నల్లటి రజను అడుగున పరుచుకుని అయస్కాంతానికి అంటకుండా ఉంటే అది క్లచ్ లైనింగు. తుడవకముందే ఫోటో తీయి. ఓనరు అక్కడుంటే పిలిచి చూపించు. కళ్లతో చూసినవాడికి మన మాట మీద గురి కుదురుతుంది. తుడిచాక ఆ అయస్కాంతాలు వాటి గుంటల్లోనే తిరిగి పెట్టు. ఒక్కటి పక్కకి జరిగినా ఫిల్టరు మూతికి అడ్డం పడవచ్చు.

పాత ఫిల్టరు లాగినప్పుడు దాని మెడకి ఉన్న ఓ-రింగు కొన్నిసార్లు దానితో రాదు, పైన బొక్కలోనే ఉండిపోతుంది. లైటు వేసి చూసి, గోరుతోనో ప్లాస్టిక్ పుల్లతోనో తీయి. అది ఉండగానే కొత్తది ఎక్కిస్తే రెండు రింగుల మధ్య సందులోంచి పంపు గాలి పీలుస్తుంది. ఆయిలు నురగ కడుతుంది, పంపు ఈల వేస్తుంది, గేర్లు జారతాయి. బాక్సు పాడైందని అందరూ అనుకుంటారు, కారణం అర్ధరూపాయంత రబ్బరు. కొత్త రింగుకి ఆ ఆయిలే రాయి, లేదా వాసెలిన్. గ్రీజు వద్దు, అది ఈ ఆయిల్లో సరిగా కరగదు.

తుడిచే గుడ్డ సంగతి కూడా పట్టించుకో. మన షెడ్డుల్లో వాడే బనియన్ వేస్టు ఇక్కడ పనికిరాదు. దాని నూగు వాల్వ్ బాడీలోకి చేరితే సన్నటి వాల్వులు ఇరుక్కుంటాయి. నూగు రాలని గుడ్డ ఒకటి ఈ పనికే విడిగా ఉంచుకో, పని సాగినంతసేపూ ఫ్యాను ఆపు, పక్క బే దగ్గర గ్రైండరు ఆపించు. స్టీలు ప్లాంటు వైపు దుమ్ము నీకు తెలిసిందే.

చాంబరుకి ప్యాకింగు ఉందో, సిలికాన్ పేస్టో చూసుకో. పేస్టు రకమైతే పాతది ప్లాస్టిక్ చెక్కతో గీకు. ఉలి పెట్టి గీకితే అల్యూమినియం ముఖం మీద గాట్లు పడి జీవితాంతం చెమ్మ కారుతుంది. పేస్టు సన్నటి తీగలా, ఎక్కడా తెగకుండా, బోల్టు రంధ్రాల లోపలి వైపుగా వెయ్యి. లావుగా వేస్తే ఎక్కువైనది లోపలికి పొంగి, ఊడి, నీ కొత్త ఫిల్టరులోకే వెళుతుంది. బోల్టులు ఎదురెదురుగా, రెండు విడతల్లో బిగించు. ఇలాంటి చిన్న బోల్టులకి చాలా బళ్లలో 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది, నీ బండి అంకె సర్వీసు మాన్యువల్లో చూసి పెట్టుకో. చేతి అంచనా మీద వదలకు. నా చిన్న టార్క్ రెంచి మీ అమ్మ వచ్చినప్పుడు ఇచ్చి పంపిస్తాను, నీ దగ్గరే ఉంచుకో. డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషరు వెయ్యి. పేస్టు ఆరే టైము ట్యూబు మీద ఉంటుంది, ఓనరు తొందరపెట్టాడని దాన్ని తగ్గించకు.

పోయడం దగ్గర ఒకటే సూత్రం. ఎంత దిగిందో అంతే మొదట పొయ్యి. డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నటి గరాటుతో, నిదానంగా. స్టార్టు చేసి, బ్రేకు తొక్కి ఉంచి, లివరుని పార్కు నుంచి కింది దాకా ఒక్కో గేరులో మూడు నాలుగు సెకన్లు ఆపుతూ తిప్పి తీసుకురా. ఆ తర్వాత బండి నడిపి వేడెక్కించి, ఇంజను ఐడిల్లో ఉండగా, వేడి గుర్తు దగ్గర లెవెలు చూడు. లివరు ఎక్కడ ఉంచి చూడాలో మాన్యువల్ ప్రకారం. హోండా వాళ్ల పద్ధతి వేరు, ఇంజను ఆపిన కాసేపటికి చూడాలి. డిప్‌స్టిక్ లేని కొత్త బళ్లకి ఆయిలు వేడిని స్కానరులో చూస్తూ, కింద ఉన్న లెవెలు బోల్టులోంచి సన్నగా కారే దాకా చూడాలి. ఎక్కువైతే గేర్లు ఆయిల్ని చిలికి నురగ చేస్తాయి, తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది. రెండూ ఒకేలా కొంప ముంచుతాయి.

ఇక్కడ ఓనరుకి చెప్పాల్సిన లెక్క ఒకటి ఉంది. ఈ బాక్సులో మొత్తం సుమారు 6 లీటర్లు ఉంటుంది గానీ చాంబరు దించినా సగం చుట్టుపక్కలే వస్తుంది. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో, కూలర్ గొట్టాల్లో ఉండిపోతుంది. కాబట్టి ఒకసారి మార్చితే సగం కొత్తది. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక డ్రెయిన్ బోల్టు తీసి ఇంకోసారి మార్చితే ముప్పావు వంతు కొత్తది. ఆయిలు ఎప్పుడూ మార్చని బండికి ఈ రెండో విడత తప్పకుండా చెయ్యమని చెప్పు. మిషను పెట్టి ఒత్తిడితో మొత్తం ఒకేసారి కడిగేద్దాం అనేవాళ్లుంటారు. పాత బండికి అది నాకు ఇష్టం లేదు. ఎక్కడో మూల పేరుకున్న మడ్డి కదిలి వాల్వుల్లోకి వెళ్లే ప్రమాదం ఎందుకు తెచ్చుకోవాలి? నిదానంగా రెండు మూడు విడతల్లో మార్చితే బాక్సు కూడా అలవాటు పడుతుంది.

‘ఏటి బాబూ, ఆయిల్కే ఇంతా?’ అని అడుగుతారు. అడగనీ. ఇంజను ఆయిలు లెక్కతో పోల్చుకుంటారు కాబట్టి అది సహజమే. ఆయిలు లీటరు ఎంత, ఎన్ని లీటర్లు, ఫిల్టరు ఎంత, ప్యాకింగు ఎంత, కూలి ఎంత, విడివిడిగా రాసి ముందే ఇవ్వు. రెండో విడత ఖర్చు కూడా అదే కాగితం మీద ఉండాలి, తర్వాత చెబితే అది మోసంలా అనిపిస్తుంది. పాత ఫిల్టరు ఆయన ముందే కోసి లోపల ఏముందో చూపించు. తీసుకెళతానంటే కవర్లో వేసి ఇచ్చెయ్యి. పని అయ్యాక ముందు నడిపిన రోడ్డు మీదే మళ్లీ పక్కన కూర్చోబెట్టుకుని నడిపి, పాత జాబ్ కార్డు తీసి ఒక్కొక్కటీ సరిచూడు. కొన్ని బళ్లలో కంప్యూటరు పాత ఆయిలుకి అలవాటుపడి ఉంటుంది, గేర్లు కుదురుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. అది కూడా ముందే చెప్పు.

పాత ఆయిలు గురించి కూడా చెప్పాలి. సెంట్రింగు పలకలకి రాసుకుంటాం, ఇవ్వండి అని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. ఇవ్వకు. వాడేసిన ఆయిలు 2016 నియమాల ప్రకారం ప్రమాదకర వ్యర్థం, దాన్ని అనుమతి ఉన్న రీసైక్లర్‌కే అప్పజెప్పాలి. మూత ఉన్న డ్రమ్ము ఒకటి పెట్టు, అందులో కూలెంటు, పెట్రోలు కలపకు. కాలవలో పోస్తే ఎవరికి తెలుస్తుంది అనుకునే షెడ్డులు ఉన్నాయి. ఇక్కడ మన కొండకర్ల ఆవ దగ్గరికి శీతాకాలంలో పక్షులు వస్తాయి, నువ్వు చిన్నప్పుడు దోనె ఎక్కి చూశావు. ఊళ్ల కాలవలు చివరికి అలాంటి చోట్లకే చేరతాయి. ఈ ఒక్క విషయంలో నువ్వు బేరం ఆడితే నాకు కోపం వస్తుంది.

సరే. ఫిల్టరు తెప్పించేటప్పుడు బండి ఛాసిస్ నంబరు ఇచ్చి తెప్పించు, మోడలు పేరు చెప్పి కాదు. ఓ-రింగు ఫిల్టరుతో వస్తుందో విడిగా కొనాలో కౌంటర్లోనే అడుగు. ఆయిలు ఒక లీటరు ఎక్కువే తెచ్చుకో, పని మధ్యలో గాజువాక పరుగెత్తకుండా. చాంబరు దించాక అయస్కాంతాలు తుడవకముందు ఫోటో తీసి నాకు పంపు, నేను చూసి చెప్పాకే మూయి. ఆ రోజు ఫోను జేబులోనే పెట్టుకుంటాను.

అమ్మకీ నాన్నకీ అడిగానని చెప్పు.

ఇట్లు
మీ మావయ్య